తాతగారి తెర మీద నా మొహం

మా వంశ ప్రతిష్ఠ రెండుసార్లు కూలింది. మొదటిసారి దాన్ని కూల్చడానికి మా పెద్దవాళ్ళు ఎంతోమంది, కొన్ని తరాలపాటు, కోర్టుల సాయంతో కష్టపడాల్సి వచ్చింది. రెండోసారి ఆ పని నేనొక్కణ్ణే, భిలాయి సెక్టర్ 6లో, మా క్వార్టర్ ముందుగదిలో, ఒక మధ్యాహ్నం భోజనానికీ టీకీ మధ్య పూర్తిచేశాను. మొదటిదాన్ని తలుచుకుని మా చుట్టాలు ఇప్పటికీ కన్నీళ్ళు పెట్టుకుంటారు. రెండోదాన్ని తలుచుకున్నా కన్నీళ్ళే వస్తాయి గానీ, అవి పొట్ట పట్టుకుని నవ్వాక వచ్చే రకం. మీరూ నవ్వండి. నేనేమీ అనుకోను. అనుకున్నా పైకి చెప్పను, అదీ వంశ లక్షణమే.

మాది పార్వతీపురం వైపు ఒక మొఖాసా, అంటే చిన్నపాటి జమీ. భూములు కరిగిపోతున్న రోజుల్లో, తెలివైనవాళ్ళు మిగిలింది దాచుకుంటుంటే, మా తాతగారు సినిమా హాలు కట్టించారు. రేకుల షెడ్డు, తెల్లటి గుడ్డ తెర, ఒక మిషను. మా ఇంట్లో మాత్రం దాన్ని మహలు అనేవారు. ఆట మొదలయ్యే ముందు తాతగారు వచ్చి నట్టనడుమ ఎత్తుకుర్చీలో కూచునేవారట. వీపు కుర్చీకి తగలనివ్వకుండా, ఆట అయిపోయేదాకా అలాగే నిటారుగా ఉండేవారట. మా ఇంటి స్త్రీలు జనంలో కలవకుండా వాళ్ళకి ప్రత్యేకమైన గది ఉండేది. ఈ గది మాట నేను పరిచయమైన ప్రతివాళ్ళకీ, పరిచయమైన పూటే చెప్పేవాణ్ణి. మీకూ చెప్పేశాను. గుర్తుంచుకోండి, నా పరువు తీయడానికి తర్వాత పనికొస్తుంది.

హాలు పోయింది. మా నాన్న ఉద్యోగం కోసం భిలాయి వస్తూ వెంట తెచ్చుకున్న ఆస్తి రెండే: ట్రంకుపెట్టెలో మడతపెట్టిన ఆ తెర గుడ్డ, తాతగారి వెన్ను. గుడ్డను ఇంట్లో ఉంచి, వెన్నును ఉక్కు ప్లాంటుకి తీసుకెళ్ళేవారు. షిఫ్టుకి సైకిళ్ళ మీద పోయే జనమంతా ఎదురుగాలికి హ్యాండిల్ మీదికి వంగి తొక్కుతుంటే, ఆయన ఒక్కరే ఏనుగు మీద ఊరేగుతున్నట్టు నిటారుగా వెళ్ళేవారట. అందుకే ఎప్పుడూ ఆలస్యంగా చేరేవారట కూడా.

ఆ వెన్ను నాకొచ్చింది. నేనూ అదే ప్లాంటులో, తయారైన రైలుపట్టాలు తిన్నగా ఉన్నాయో లేదో చూసే విభాగంలో చేరాను. వంకర సహించకపోవడం నా ఉద్యోగం, వంగకపోవడం నా వంశం. ఇలాంటి మనిషితో కాపురం చేయడం తేలిక కాదు. నా భార్య కస్తూరి చరోదా రైల్వే కాలనీలో పుట్టి పెరిగింది కాబట్టి, కదలకుండా అడ్డంగా నిలబడ్డ వ్యాగన్లను చూసిన అలవాటు మీద నెట్టుకొస్తోంది. ఆమెకి ప్రేమ తెలుగులో వస్తుంది, కోపం హిందీలో వస్తుంది. మా ఇంట్లో హిందీ ఎక్కువ.

నాకున్న ఒకే ఒక్క వ్యసనం ప్రొజెక్టర్. ముందుగదిలో వెనకవైపు అలమారు మీద బల్బు ప్రొజెక్టర్ పెట్టి, కిటికీలకి దుప్పట్లు కట్టి, ఎదుటి గోడ మీద సినిమా వేసుకోవడం. టీవీ అంటే నాకు లెక్కలేదు, అది డబ్బా. పడగ్గదిలో పుస్తకమంత డబ్బా ఒకటి ఉండేది, కస్తూరి సీరియళ్ళ కోసం. ఆదివారాలు నాలాంటి పిచ్చివాళ్ళు మా ఇంట్లో చేరేవాళ్ళు. మేము సినిమా చూసింది తక్కువ, బల్బు ఇంకా ఎన్నాళ్ళు వెలుగుతుందో, నలుపు ఎంత నలుపుగా ఉండాలో వాదించుకున్నది ఎక్కువ. కథ ఏమిటని అడిగితే మాలో ఒక్కడూ చెప్పలేడు. హీరో చొక్కా ఏ పాటలో కాస్త పచ్చబారిందో అందరూ చెప్తారు.

ఆ బృందంలో ఇద్దరిని మీరు ఎరిగి ఉండాలి. ఒకడు సత్తిబాబు, పట్టాల మిల్లులో చేసి రిటైరైనవాడు, శ్రీకాకుళం మనిషి. ఎదుటివాడు జారిపడబోయే చోటు ముందే కనిపెట్టి, అక్కడ కుర్చీ వేసుకుని కూచునే రకం. రెండోవాడు సాహూ భయ్యా, దుర్గ్ మనిషి, నెహ్రూ నగర్‌లో ఉంటాడు. మాట తక్కువ, భక్తి ఎక్కువ. మాలో మొట్టమొదట లేజర్ టీవీ కొన్నది ఈ సాహూ భయ్యానే.

ఊళ్ళోకి కొత్తకోడలు వచ్చినట్టు మా బృందమంతా ఆయనింటికి చూడ్డానికి వెళ్ళింది, వంకలు పెట్టే హక్కు వెంటబెట్టుకుని. గోడ కింద పొట్టి బల్ల, దాని మీద అటుకుల డబ్బా లాంటి నల్లపెట్టె, పెట్టె నెత్తిన ఒక అద్దం. అందులోంచి వెలుగు నిట్టనిలువుగా లేచి, పక్కనే ఉన్న గోడంతా బొమ్మ అయింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. ఇది గోడ మీద వెలుగు పడేస్తుంది కాబట్టి ప్రొజెక్టరే, టీవీ అనడం మోసం అని ఒకాయన. నలుపు నలుపుగా లేదు, హీరోయిన్ జడ నెరిసింది అని ఇంకొకాయన. ఇలాంటి మిషన్లలో చటుక్కున తల తిప్పితే రంగుల మెరుపులు కనిపిస్తాయని ఎక్కడో చదివిన మూడో ఆయన పదేపదే తల తిప్పి, మెరుపులు చూశాడో లేదో గానీ, మెడ పట్టేసి సోఫాలో ఒరిగిపోయాడు. సత్తిబాబు మాత్రం తన అనుభవం చెప్పాడు. "మా మిల్లులో లేజరు పట్టాల పొడుగు కొలిసేది బావూ. దాన్ని తెచ్చి పాటలకీ డేన్సులకీ ఎట్టీసినారా? ఎలాంటి ఉద్యోగం ఎలాంటిదైపోనాది."

అందరూ నా వైపు చూశారు. సినిమా హాలు వంశంలోంచి వచ్చినవాణ్ణి, తీర్పు నాదే. నేను లేచి నిలబడ్డాను. నిలబడకుండా నేనే అభిప్రాయమూ చెప్పను.

"వెలుగు మనిషి వెనకనుంచి, తల మీదుగా రావాలి, పెద్దల ఆశీర్వాదంలా" అన్నాను. "మా తాతగారి మహల్లో అలాగే వచ్చేది. కాళ్ళ దగ్గర్నుంచి లేచే వెలుగు కింద కూచోవడం మా వంశంలో లేదు. నా గడపలోకి ఈ పెట్టె రాదు."

సత్తిబాబు దీన్నంతా ఫోన్‌లో వీడియో తీస్తున్నాడని నాకు తెలుసు. తెలిసి, గడ్డం కాస్త పైకెత్తాను కూడా. వాడు అక్కడికక్కడే దాన్ని మా వాట్సాప్ గ్రూప్‌లో పెట్టాడు.

ప్రసంగం వేడి ఆరలేదు, సాహూ భయ్యా భార్య టీ ట్రే పట్టుకుని వచ్చింది. సోఫాల వెనకనుంచి దారి లేక, గోడకీ మాకూ మధ్యనుంచి, ఆ బొమ్మ పక్కనుంచే నడిచింది. నేను అలవాటు కొద్దీ ఆమె నీడ కోసం ఎదురుచూశాను. నీడ పడలేదు. ఇటు వచ్చింది, అటు వెళ్ళింది, బొమ్మ మీద పూచికపుల్లంత నీడైనా లేదు. నా చేతిలోని టీ నా ప్యాంటు మీద పడింది. కాలింది కూడా. నేను మాత్రం ఆ గోడనే చూస్తూ ఉండిపోయాను, ఎందుకంటే నాకు మా అత్త గుర్తొచ్చింది.

మా మేనత్త సుభద్రమ్మ. మా నాన్నతోపాటే భిలాయి వచ్చి, ఇక్కడి స్కూల్లో చిన్నపిల్లలకి తెలుగు నేర్పి రిటైరైంది. నాకు అన్నం కలిపి పెట్టిన చేయి, పలక మీద అక్షరాలు దిద్దించిన చేయి ఒకటే, ఆవిడది. సినిమా అంటే ప్రాణం. కొన్నేళ్ళుగా చూపు నడిమధ్యలో మసక చేరింది. అది ఆపరేషన్‌తో పోయేది కాదని డాక్టర్ చెప్పాడు. మొహాలు చాటంత పెద్దవై, తను వాటికి బాగా దగ్గరగా వెళ్తేగానీ కనపడవు. పడగ్గది డబ్బాలో మొహాలు బఠాణీలంత. అందుకని ముందుగదిలో మా గోడ దగ్గరికి పీట జరుపుకునేది. వెనకనుంచి వచ్చే నా ఆశీర్వాదపు వెలుగు తిన్నగా ఆవిడ ముడిమీద పడేది, ఆ ముడి నీడ హీరోయిన్ మొహం మీద గుమ్మడికాయలా కూచునేది. ఒక ఆదివారం సత్తిబాబు, ఏ దురుద్దేశమూ లేకుండా, "టీచరమ్మా, రవ్వంత పక్కకి" అన్నాడు. అత్త పక్కకి జరగలేదు. లేచి, పీట తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఎంత పిలిచినా రాలేదు. రేడియో చాలురా, కళ్ళకి పని లేదు అనేది. మా ఇంట్లో వెన్ను మగవాళ్ళకే వస్తుందని ఎవరూ అనలేదు కదా.

పాటల్లో హీరోయిన్ నవ్వే చోటు వచ్చినప్పుడల్లా వంటింట్లోంచి గిన్నెల చప్పుడు కాసేపు ఆగేది. అది వినడం నావల్ల అయ్యేది కాదు.

కాబట్టి నా గడపలోకి రాదన్న పెట్టెను నేనే తెప్పించాను, ఎవరికీ చెప్పకుండా. కస్తూరికి చెప్పక తప్పలేదు. ఆమె అడిగిందల్లా ఒకటే, దాన్ని పెట్టడం ఎలాగో సాహూ భయ్యాని అడుగుతానా లేదా అని. అడిగితే గ్రూప్‌లో నా ప్రసంగం సంగతేమిటి? అడగనన్నాను. పెట్టెతో వచ్చిన కాగితాలు చదువుతానా అంది. పట్టాల వంకర కంటితో పసిగట్టేవాడికి కాగితాలెందుకన్నాను. ఆమె హిందీలోకి మారింది.

నా గౌరవానికి నేనే ఒక దారి వెతుక్కున్నాను. వెలుగు కాళ్ళ దగ్గర్నుంచి వచ్చినా సరే, అది పడే తెర మా తాతగారిదై ఉండాలి. అత్తని మళ్ళీ ఆ తెర ముందు కూచోబెట్టాలి. ఈ ఆలోచన వచ్చినప్పుడు నా కళ్ళు నాకే చెమర్చాయి. వెళ్ళి అత్తని ఆ గుడ్డ అడిగాను. ఆవిడ రేడియో కట్టేసింది.

"అదెందుకురా ఇప్పుడు" అంది.

"నీకోసమే అత్తా. తెలుసుగా, అది ఎలాంటి తెరో."

"తెలుసులే" అని తాళంచెవి ఇచ్చింది. ఆవిడకి పాత రోజులు గుర్తొచ్చాయని నేను అర్థం చేసుకున్నాను. ఏదైనా నేను అంత గట్టిగా అర్థం చేసుకున్నప్పుడు మీరు జాగ్రత్త పడాలి.

ముహూర్తం విశ్వకర్మ పూజ రోజు. ఆ రోజు భిలాయిలో మిషన్‌గా పుట్టిన ప్రతిదానికీ పండగే. ప్లాంటులో క్రేన్‌కీ, ఇంట్లో సైకిల్‌కీ, మిక్సీకీ బొట్టు పెట్టి దండ వేస్తారు. మిత్రులంతా ఎక్కడివాళ్ళు అక్కడ పూజల్లో ఉంటారు, మా ఇంటివైపు రారని నా లెక్క.

గుడ్డ గోడకి కట్టాం. ఏళ్ళ తరబడి మడతల్లో ఉండి, అది గళ్ళ దుప్పటిలా నిలబడింది. కస్తూరి ఇస్త్రీ చేద్దామంది. తాతగారి గుడ్డ మీద ఇస్త్రీపెట్టె పెట్టడం ఆయన వీపు మీద పెట్టినట్టే ఉంటుందని వద్దన్నాను. అత్త వచ్చి, ఇంటికి కొత్త మిషన్ వచ్చింది కదా అని, దానికి పసుపు రాసింది. తర్వాత బొట్టు. చూపు ఆనక, వేళ్ళతో తడిమి, ఎక్కడ నున్నగా నుదురులా తగిలిందో అక్కడ పెట్టింది. నున్నగా తగిలింది నెత్తిన ఉన్న అద్దం. చక్కగా, గుండ్రంగా, తడి కుంకుమ.

నా ఫోన్‌ని పెట్టెకి కలిపి, ఏదో పాత సినిమా పెట్టాను.

వెలుగు కిందనుంచి, దాదాపు గోడను రాసుకుంటూ పైకి లేచింది. దూరంనుంచి తిన్నగా పడే వెలుగులో కనపడని ముడత, ఇలా కిందనుంచి వచ్చే వెలుగులో కొండలా లేస్తుందని నాకప్పుడు తెలిసింది. హీరోయిన్ మొహం మూడు మడతల మీదుగా జారింది. ఒక కన్ను బొబ్బిలిలో ఉంటే ఒకటి సాలూరులో ఉంది. హీరో మీసం మెట్లు దిగింది. బొమ్మ అడుగున, బొట్టు పుణ్యమా అని, ఒక ఎర్రటి మబ్బు. పట్టాల్లో వెంట్రుకవాసి వంకర ఒప్పుకోని నేను, నా సొంత ఇంట్లో, నా సొంత తెర మీద, తిన్నగా ఉన్న గీత ఒక్కటి కోసం వెతుక్కున్నాను.

అత్తకి అసలేమీ అర్థం కాక, పెట్టె మీదుగా ముందుకి వంగింది. వెంటనే వెలుగు తగ్గిపోయి గది చీకటైంది. గుడ్డ మీద ఏవో ఇంగ్లీషు అక్షరాలు లీలగా వచ్చాయి గానీ, ముడతల్లో వానపాముల్లా మెలితిరిగి చదవడానికి పనికిరాలేదు. అత్త వెనక్కి జరిగింది, వెలుగొచ్చింది. వంగింది, ఆరింది. మళ్ళీ జరిగింది, మళ్ళీ వచ్చింది.

"నేను దగ్గరికొస్తే ఆరిపోతన్నాదిరా" అంది అత్త.

నేను తీగలు పీకి పెట్టాను. పెట్టెని ఓ దెబ్బ కొట్టాను. కస్తూరి సాయం వచ్చింది. "ఏమండీ, సాహూ భయ్యాని ఒక్కసారి పూఛ్ లీజియే. అడిగితే క్యా హో జాయేగా?"

"ఆ పని మా వంశంలో..." అని మొదలుపెట్టాను. వంశం మాట పూర్తయ్యేలోపే అత్త పీట తీసుకుంది.

"దానికీ నా నీడ గిట్టట్లేదు. ఒగ్గేయరా నాయనా. నాకు రేడియో ఉంది" అని మెల్లగా, చేత్తో గోడ తడుముకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

నేను అలా నిలబడి ఉండగా గుమ్మంలో సత్తిబాబు గొంతు వినపడింది. విశ్వకర్మ ప్రసాదం, బూందీ లడ్డూలు, ఇంటింటికీ పంచుతూ వచ్చాడట. వెంట సాహూ భయ్యా.

ఇక్కడ ఏ మామూలు మనిషైనా నిజం చెప్పేవాడు. నేను ఒక్క ఉదుటున పూజగదిలోంచి పసుపు గుడ్డ తెచ్చి పెట్టె మీద కప్పాను. దాని మీద విశ్వకర్మ పటం నిలబెట్టాను. పటానికి బంతిపూల దండ, ముందు కొబ్బరికాయ, పక్కన అగరొత్తులు. వెనక తాతగారి తెర ఎలాగూ పందిరి పరదాలా వేలాడుతోంది. తలుపు తెరిచేసరికి మా ముందుగది సెక్టర్‌లోకెల్లా భక్తి గల గది.

సాహూ భయ్యా చెప్పులు విప్పి పటం ముందు కళ్ళు మూసుకున్నాడు. ఇంత భారీ పూజ చేస్తున్నట్టు చెప్పనేలేదేమని నొచ్చుకున్నాడు కూడా. సత్తిబాబు కళ్ళు మూసుకోలేదు. వాడి చూపు పటం మీంచి కొబ్బరికాయకి, కొబ్బరికాయ మీంచి కిందికి దిగింది.

"దేవుడి పీటకి వైరెందుకు బావూ?" అన్నాడు.

సీరియల్ లైట్లు పెట్టబోతున్నానన్నాను. వాడు తలూపి, లడ్డూ కొరుక్కుంటూ, లేజర్ల ఊసెత్తాడు. ఈ మధ్య నేను ఆ విషయం మాట్లాడ్డం మానేశానని, ఆ ప్రసంగం ఇంకా నా మాటేనా, లేక మాట మారిందా అని తనకి అనుమానంగా ఉందని, అనుమానం తీరడానికి తనే ఆ వీడియో మళ్ళీ గ్రూప్‌లో పెట్టానని చెప్పాడు.

మాట మారడమా? మాదా? నేను ఫోన్ తీశాను. నేనన్న ప్రతి ముక్కకీ కట్టుబడి ఉన్నానని చూపించడానికి, వాళ్ళిద్దరి ముందూ, గంభీరంగా ఆ వీడియో నొక్కాను.

ఫోన్ కిక్కురుమనలేదు. ఫోన్ ఇంకా పెట్టెకి కలిసే ఉందన్న సంగతి నాకు గుర్తొచ్చేలోపల, విశ్వకర్మ పటం కిందనుంచి, పసుపు గుడ్డ లోపల్నుంచి, బావిలోంచి వచ్చినట్టు నా గొంతు లేచింది.

"వెలుగు మనిషి వెనకనుంచి, తల మీదుగా రావాలి..."

సాహూ భయ్యా ఉలిక్కిపడి రెండు చేతులూ జోడించాడు. సత్తిబాబు లడ్డూ నమలడం ఆపేశాడు. నేను ఫోన్ మీద కనపడిన ప్రతిచోటా నొక్కాను. గొంతు ఇంకా పెరిగింది. ఇంతలో నా కేక విన్న అత్త వంటింట్లోంచి వచ్చింది. శబ్దం ఎక్కణ్ణుంచి వస్తోందో చెవితో పట్టుకుని తిన్నగా పెట్టె దగ్గరికి వెళ్ళింది.

"ఈడికి ఊపిరాడకుండా ఎందుకురా కప్పీసినావు" అని, పటం జాగ్రత్తగా పక్కన పెట్టి, పసుపు గుడ్డ లాగేసి ఇవతలికి జరిగింది.

వెలుగొచ్చింది. తాతగారి తెర నిండా నేను. మీరు నన్నెప్పుడూ గోడంత ఎత్తున చూడలేదు, చూడకపోవడమే మంచిది. ముక్కు ఒక మడత దగ్గర మలుపు తిరిగింది. మీసం మూడు ముక్కలై దేని దారిన అది పోయింది. గడ్డం మీద ఎర్రటి కుంకుమ మబ్బు, అమ్మవారు పూనినట్టు. నా జీవితంలో ఒక్కసారీ వంగని వెన్ను ఆ గుడ్డ మీద కొక్కెంలా వంకర్లు పోయింది. ఆ ఆకారం వేలెత్తి మా అందరికీ చెప్పింది. "కాళ్ళ దగ్గర్నుంచి లేచే వెలుగు కింద కూచోవడం మా వంశంలో లేదు. నా గడపలోకి ఈ పెట్టె రాదు."

సత్తిబాబు నేల మీద కూచున్నాడు. కూలబడ్డాడనడం సబబు. నవ్వి నవ్వి, కాసేపటికి నవ్వులో శబ్దం కూడా పోయి, చేత్తో నేలను మాత్రం కొడుతున్నాడు. కస్తూరి కొంగు నోట్లో కుక్కుకుంది. దైవభక్తి గల సాహూ భయ్యా గోడవైపు తిరిగి నిలబడ్డాడు గానీ, ఆయన భుజాలు నాకు కనిపిస్తూనే ఉన్నాయి. నేను నిటారుగానే ఉన్నాను. ఉండి ఏం లాభం, తెర మీద వాడు ఉండట్లేదు.

"తెచ్చుకుంటే తెచ్చుకున్నావు. దాపరికం ఏటి బావూ మా దగ్గర?" అన్నాడు సత్తిబాబు, కళ్ళు తుడుచుకుంటూ.

నా బదులు కస్తూరి చెప్పింది, అత్త కోసమని. గోడకి ఆనుకుని కూచున్నా నీడ పడదని, ఆవిడ మళ్ళీ దగ్గరగా కూచుని చూస్తుందని తెచ్చారని.

సత్తిబాబు మొహంలో నవ్వు ఒక్కసారిగా ఇంకిపోయింది. ఆ ఆదివారం తనన్న మాట వాడికీ గుర్తుంది. లేచి, అత్త ముందుకెళ్ళి నిలబడ్డాడు.

"టీచరమ్మా, ఆ దినం నోరుజారి అన్నాను. మనసులో ఎట్టుకోకండి."

"నువ్వేటన్నావో నేనప్పుడే మర్చిపోయాను" అంది అత్త. ఆవిడ మర్చిపోలేదని అందరికీ తెలుసు. మర్చిపోతానని మాట ఇచ్చిందని కూడా తెలుసు.

సాహూ భయ్యా అప్పటికే పెట్టె ముందు మోకాళ్ళ మీద కూచున్నాడు. అత్త వంగితే ఆరిపోవడం మిషన్ జబ్బు కాదని చెప్పాడు. ఎవరైనా దాని మీదికి వంగితే, లేజర్ వెలుగు కళ్ళలో పడకుండా అదే తగ్గిపోతుందట. "మాజీ, యే ఆప్‌కీ ఆంఖోం కా ఖయాల్ రఖ్‌తా హై" అన్నాడు.

"నా కళ్ళ గురించి దీనికేటిరా అంత బెంగ" అంది అత్త. కానీ అలా అంటూ ఆ పెట్టెను చేత్తో ఒకసారి నిమిరింది, తగువు తీరిపోయినట్టు.

మీదికి వంగకుండా, కాస్త పక్కగా, గోడ దగ్గర కూచుంటే చాలన్నాడు సాహూ భయ్యా. ఆ తర్వాత గొంతు సవరించుకుని, ఆ గుడ్డ మాత్రం తీసేయాలన్నాడు. ఈ వెలుగుకి నున్నటి గోడ కావాలి, ముడతల గుడ్డ పనికిరాదు.

నేను గుడ్డకి అడ్డంగా నిలబడ్డాను. ఏమైనా చేయండి, ఇది మాత్రం తీసేది లేదన్నాను. ఇది మా తాతగారి తెర, మహలు తెర, దీని ముందు మా అత్త చిన్నప్పుడు...

"దీని ముందు నేనెప్పుడు కూచున్నానురా?" అంది అత్త.

గుడ్డ అంచు పట్టుకునే నేను ఆవిడవైపు తిరిగాను.

"మా ఇంటి ఆడవాళ్ళకి ప్రత్యేకమైన గది అని ఊరంతా చెప్తావు కదా. ఆ గది ఎక్కడనుకున్నావు? తెర వెనకాల. మగవాళ్ళ కళ్ళబడకూడదని మమ్మల్ని అక్కడ కూచోబెట్టేవారు. పల్చటి గుడ్డ, ఇటూ కనపడేది, తిరగేసి. పేర్లు ఒక్కటీ చదవలేకపోయేదాన్ని. అందరూ ఎడంచేత్తో అన్నం తినేవారు, ఎడంచేత్తో దీవించేవారు. భిలాయి వచ్చి, మొదటి జీతంతో టిక్కెట్టు కొనుక్కుని ముందునుంచి చూసేదాకా, సినిమావాళ్ళంతా ఎడంచేతి వాటమే అనుకున్నాను."

ఆవిడ గుడ్డ దగ్గరికి వచ్చి, మసకబారిన కళ్ళతో పైనుంచి కిందికి, చివర్నుంచి చివరికి చూసింది.

"దీన్ని ముందునుంచి చూడ్డం ఇయాళే మొదటిసారి" అంది. ఓ మడతని వేలితో తడిమి, "ముందునుంచి కూడా ఏటీ బాగులేదురా" అంది.

ఈసారి ముందుగా నవ్వింది నేనే. ఎందుకు నవ్వానో నాకు తెలీదు. నవ్వుతూనే స్టూల్ ఎక్కి, తాతగారి తెర ముళ్ళు ఒక్కొక్కటే నేనే విప్పాను. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదు. కిందికి దిగేసరికి గుడ్డ నా తలమీద పడి, కాసేపు నేనూ దాని వెనకే ఉండిపోయాను. అక్కడ నిజంగానే ఏమీ తెలియదు.

బోసి గోడ మీద బొమ్మ వచ్చింది. తిన్నగా, నున్నగా, పట్టాలంత నిఖార్సుగా. అత్త పీట వేసుకుని గోడ పక్కన కూచుంది. పెళ్ళి భోజనాల సన్నివేశం. పెళ్ళికూతురి మొహం అత్త మొహానికి జానెడు దూరంలో, చాట కంటే పెద్దదిగా. గుమ్మడికాయ నీడ లేదు. పెళ్ళికూతురు ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది.

"కుడిచేత్తోనే తింటన్నాది" అంది అత్త, తనలో తను.

నలుపు గురించి, రంగుల గురించి ఏళ్ళ తరబడి కొట్టుకున్న మా ముగ్గురిలో ఒక్కడూ ఏ వంకా పెట్టలేదు. అడుగున ఆ ఎర్రమబ్బు మాత్రం విస్తరి మీద పడుతూనే ఉంది, అద్దం మీది బొట్టు తుడవడం అందరం మర్చిపోయాం.

"ఆవకాయ కూడా వేసినారు" అంది అత్త తృప్తిగా. కాదని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

తాతగారి తెరను మర్నాడే అత్త చేత్తో తడుముకుంటూ కత్తిరించింది, కస్తూరి మిషన్ మీద కుట్టింది. ఇప్పుడది లేజర్ టీవీ మీద దుమ్ము పడకుండా కప్పే ముసుగు. మిగిలిన ముక్క అద్దం తుడిచే గుడ్డ. సత్తిబాబు పెట్టిన వీడియో ఇప్పటికీ గ్రూప్‌లో ప్రతి విశ్వకర్మ పూజకీ తిరిగొస్తుంది, శుభాకాంక్షలతో.

కాబట్టి ఈ కింద సంతకం చేయగల స్థితిలో ఉన్న నేను, మా వంశం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట వెలుగు ఎటునుంచి రావాలో దానికి నేను చెప్పను. దేవుడి పటం చాటున మిషన్‌ని దాచను. మా ఇంటి స్త్రీల ప్రత్యేకమైన గది గురించి ఎవరికీ గొప్పగా చెప్పను. మీకు చెప్పినదాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. నా వెన్ను మాత్రం ఎవరి ముందూ వంచను.

ఆ పెట్టె ముందు తప్ప. అది నేలకి దగ్గరగా ఉంటుంది. ఏటేటా అత్త తడిమి తడిమి ఆ అద్దం మీదే బొట్టు పెడుతుంది, పూజ అయ్యాక నేను వంగి, మా తాతగారి గుడ్డతో దాన్ని తుడుస్తాను. అప్పుడు నన్నెవరూ చూడకూడదని నా నియమం. అత్త మాత్రం చూస్తుంది. చాలా దగ్గరగా కూచుంటుంది కదా.